పాలబండి చక్రం – స్టడ్ మర చెడకుండా చూసుకోవడం, చెడితే బాగుచేసుకోవడం

(పాల సేకరణ వాహనాల డ్రైవర్లకు, సంఘాల కార్యదర్శులకు, పాలకవర్గ సభ్యులకు జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పశువుల మేత గురించి, వెన్న శాతం గురించి, గాలికుంటు టీకాల గురించి ఇటువంటి తరగతుల్లో మీరు ఎన్నోసార్లు విని ఉంటారు. ఈరోజు నేను చెప్పబోయే విషయం వాటి పక్కన చాలా చిన్నదిగా కనిపిస్తుంది. అది వేలెడంత ఇనుప ముక్క. పాలబండి చక్రాన్ని పట్టి ఉంచే స్టడ్. హబ్బులో దిగగొట్టి, మర ఉన్న కొస బయటికి పొడుచుకు వచ్చి ఉండే ఈ ముక్కనే మన డ్రైవర్లు వీల్ బోల్టు అంటారు. దాని మీద నట్టు బిగిస్తేనే చక్రం నిలుస్తుంది.

"బండి కిరాయిది, డ్రైవరు కాంట్రాక్టరు మనిషి, చక్రం సంగతి మాకెందుకు?" అని సభ్యులు అనుకోవచ్చు. బండి ఎవరిదైనా అందులో ఉన్న పాలు మనవి. ఒక చిన్న పికప్ బండిలో 40 లీటర్ల క్యాన్లు 30 వేసుకుంటే 1,200 లీటర్ల పాలు. పితికినప్పుడు పాలు పశువు ఒంటి వేడిలోనే ఉంటాయి. వాటిని 4 డిగ్రీలకు చల్లబరిచే దాకా సూక్ష్మజీవులు ఊరుకోవు. వాటికి నచ్చిన వేడిలో అరగంట తిరగకుండానే రెట్టింపు కాగలవు. ఈ రోజుల్లో చాలా ఊళ్ళకు దగ్గరలోనే బల్క్ కూలర్లు వచ్చిన మాట నిజమే. అయినా ఊరి నుంచి కూలరు దాకా పాలు ఆటోలోనో, పికప్‌లోనో వెళ్ళవలసిందే.

దారిలో టైరు పంచరయితే, అన్నీ సరిగ్గా ఉంటే అరగంటలో స్టెప్నీ వేసుకుని బయలుదేరవచ్చు. నట్టు పట్టేసి స్టడ్ విరిగితే మెకానిక్కు రావాలి, డ్రమ్ము విప్పాలి, కొత్త స్టడ్ దొరకాలి. పూట గడిచిపోతుంది. ఎండాకాలంలో ఆ పాలు కాచే పరీక్షకు నిలవవు. ఇంతకంటె పెద్ద ప్రమాదం ఒకటి ఉంది. పరుగెడుతున్న బండి నుంచి ఊడిన చక్రం దొర్లుకుంటూ పోయి ఎదురుగా వచ్చే సైకిలు మనిషిని, బడికి పోయే పిల్లను కొట్టవచ్చు. పాలు పోతే రేపు మళ్ళీ వస్తాయి. మనిషి పోతే రాడు.

స్టడ్ చేసే పని ఏమిటి?

చక్రం మీద పడే బరువును స్టడ్లు మేకుల్లాగా మోస్తున్నాయని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి వేరు. నట్టు బిగించినప్పుడు స్టడ్ వెంట్రుకవాసి సాగుతుంది. సాగదీసిన రబ్బరు ఎలా వెనక్కి లాగుతుందో అదీ అలాగే వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు చక్రాన్ని హబ్బు ముఖానికి గట్టిగా అదిమి పెడుతుంది. అదిమి పెట్టిన రెండు ముఖాల మధ్య ఉన్న రాపిడే బరువును, బ్రేకు దెబ్బను, గతుకులను కాస్తుంది.

నట్టు వదులైతే ఆ అదుము పోతుంది. చక్రం కొద్దికొద్దిగా కదులుతుంది. అప్పుడు ప్రతి చుట్టుకూ స్టడ్ అటూ ఇటూ వంగుతుంది. పికప్ టైరు ఒక చుట్టు తిరిగితే రమారమి 2 మీటర్లు నడుస్తుంది. అంటే కిలోమీటరుకు 500 చుట్లు. 40 కిలోమీటర్ల రూటు తిరిగి వచ్చేసరికి 20 వేల చుట్లు. కట్టుతీగను చేత్తో అటూ ఇటూ పదిసార్లు వంచితే తెగుతుంది. స్టడ్ గట్టి ఉక్కు కనుక ఎక్కువ రోజులు ఓర్చుకుంటుంది గాని, చివరకు దాని గతీ అంతే. ఒకటి తెగితే దాని భారం పక్కవాటి మీద పడుతుంది. తర్వాత అవి వరుసగా తెగుతాయి.

అయితే విపరీతంగా బిగిస్తే మంచిదా? అదీ కాదు. ఓర్చుకోగలిగిన దానికి మించి సాగిన స్టడ్ తిరిగి వెనక్కి రాదు. రబ్బరు పట్టు పోయినట్లే దాని లాగుడూ పోతుంది. మర చుట్లు కూడా సాగి, ఈసారి నట్టు విప్పేటప్పుడు కొరికి పట్టేస్తాయి. కాబట్టి వదులు ఎంత చెడ్డదో అతి బిగువూ అంత చెడ్డది.

స్టడ్లు ఎందుకు చెడుతున్నాయి?

మొదటి కారణం, నట్టును చేత్తో ఎక్కించకపోవడం. చీకట్లో, వానలో, తొందరలో నట్టును పానాలో పెట్టి ఒకేసారి తిప్పుతారు. పంచరు షాపులో అయితే గాలి గన్నుతోనే మొదలుపెడతారు. నట్టు వంకరగా ఎక్కితే వేళ్ళకు తెలుస్తుంది. పానాకూ గన్నుకూ తెలియదు. అవి వంకరగానే కోసుకుంటూ పోతాయి. మర చెడటానికి అన్నిటికంటె పెద్ద కారణం ఇదే.

రెండవది, చక్రాన్ని స్టడ్ల మీద వేలాడదీయడం. స్టెప్నీ ఎత్తి పెట్టేటప్పుడు చక్రం రంధ్రం అంచు మర మీద గీరుకుంటుంది. ఆ చక్రాన్ని స్టడ్ల మీద వదిలి అటూ ఇటూ లాగితే పైచుట్లు నలుగుతాయి.

మూడవది, మట్టి, తుప్పు, పేడ, రంగు. మన బండ్లు తిరిగేది పొలాల దారులు, పశువుల పాకల ముంగిళ్ళు. మరలో ఇసుక ఉండగా నట్టు తిప్పితే అది ఆకురాయిలా పనిచేస్తుంది. చక్రానికీ హబ్బుకూ మధ్య మట్టి పెళ్ళ ఉంటే ఆ పూటకు బిగువుగానే అనిపిస్తుంది. పది కిలోమీటర్లు పోయాక ఆ పెళ్ళ నలిగి రాలిపోతుంది, నట్టు వదులవుతుంది.

నాలుగవది, ఒక బండి నట్టు మరో బండికి వేయడం. చూడటానికి రెండూ ఒకటిగానే ఉంటాయి. మారుతి కార్లకు ఉండేది 12 మిల్లీమీటర్ల స్టడ్, చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు. హ్యుందాయ్, టయోటా కార్లలో సాధారణంగా అదే 12 మిల్లీమీటర్లు, చుట్టు దూరం మాత్రం 1.5. ఒకదాని నట్టు రెండోదానికి రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంటుంది. "తుప్పు పట్టిందేమో" అనుకుని పానా వేసి నొక్కితే నట్టూ పోతుంది, స్టడ్డూ పోతుంది. పాత విల్లీస్ రకం జీపులకు అర అంగుళం స్టడ్లు, అంటే 12.7 మిల్లీమీటర్లు. ఆ జీపుల్లో ఎడమ పక్క చక్రాలకు ఎడమ మర ఉండేది. అవి విప్పవలసిన దిక్కు వేరు. స్టడ్ కొసన ఎల్ అక్షరం ఉందేమో చూడకుండా బలం చూపిస్తే విప్పుతున్నాననుకుంటూ బిగించి, చివరకు విరగగొడతారు.

ఐదవది, పానాకు పొడుగు పైపు తగిలించి దాని మీద ఎక్కి తొక్కడం. దీని లెక్క కాసేపట్లో చెబుతాను.

చక్రం మార్చే సరైన పద్ధతి

1. బండిని చదునైన గట్టి నేల మీద, రోడ్డు వారగా ఆపండి. చేతి బ్రేకు వేసి, గేరులో ఉంచి, ఎదురు మూల చక్రానికి ముందూ వెనుకా రాళ్ళు పెట్టండి. నేల మెత్తగా ఉంటే జాకీ కింద చెక్కపలక వేయండి. జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరూ దూరకూడదు.

2. చక్రం నేల మీద ఉండగానే నట్లను ఒక్కొక్క చుట్టు వదులు చేయండి. దానికి ముందు బయటికి కనిపించే మరను తీగ బ్రష్షుతో రుద్దండి. నట్టు కదలకపోతే తుప్పు వదిలించే నూనె వేసి పది నిమిషాలు ఆగండి. ఒకవేళ నట్టు సగం వచ్చి పట్టేస్తే బలవంతంగా లాగవద్దు. మళ్ళీ అర చుట్టు లోపలికి, తర్వాత బయటికి, ఇలా ముందుకూ వెనక్కూ తిప్పుతూ తీయండి. సుత్తి, ఉలి పెట్టి నట్టును కొట్టవద్దు.

3. చక్రం హబ్బుకు అంటుకుపోతే స్టడ్ కొసలమీద కొట్టకండి. టైరును పక్క నుంచి కొట్టి కదిలించండి.

4. చక్రం తీశాక స్టడ్ల మరను, హబ్బు ముఖాన్ని, స్టెప్నీ లోపలి ముఖాన్ని బ్రష్షుతో శుభ్రం చేయండి. స్టెప్నీ రంధ్రాలు గుండ్రంగా ఉన్నాయో, కోలగా సాగాయో చూడండి. సాగిన రంధ్రం ఉన్న చక్రం పనికిరాదు.

5. హబ్బును తిప్పి ఒక స్టడ్ సరిగ్గా పైకి వచ్చేలా పెట్టుకోండి. బండి ఎత్తును జాకీతో సరిచేసుకుని, టైరు కింద పానాగాని కర్రగాని అడ్డం పెట్టి లేవదీస్తే చక్రం తేలికగా స్టడ్లలో కూర్చుంటుంది. మొదట పై స్టడ్‌కు నట్టు ఎక్కించండి.

6. ప్రతి నట్టూ వేళ్ళతోనే ఎక్కించండి. మొదట ఎదురు దిక్కుకు మెల్లగా తిప్పితే ఒకచోట టక్కున దిగినట్లు వేళ్ళకు తెలుస్తుంది. అక్కడి నుంచి సరి దిక్కుకు తిప్పండి. మూడు నాలుగు చుట్లు వేళ్ళతో సాఫీగా పోవాలి. పోకపోతే తీసి, మళ్ళీ మొదలుపెట్టండి. వేళ్ళకు లొంగని నట్టుకు పానా వేయరాదు. నట్టుకు వాలు ముఖం ఉంటే ఆ వాలు చక్రం వైపే ఉండాలి. తిరగవేస్తే చక్రం నడిమికి చేరదు.

7. చక్రం గాలిలో ఉండగా ఒక మాదిరిగా బిగించి, దించిన తర్వాత పూర్తిగా బిగించండి. వరుసగా చుట్టూ తిరగకుండా ఒకటి బిగించాక దాని ఎదుటిది బిగించాలి. ఐదు స్టడ్లుంటే నక్షత్రం ముగ్గు వేసినట్లు ఒకటి విడిచి ఒకటి బిగించాలి.

8. 50 నుంచి 100 కిలోమీటర్ల లోపల మళ్ళీ ఒకసారి పానా వేసి చూడండి. అంటే మరుసటి పూట రూటుకు బయలుదేరే ముందే చూసుకోవాలి.

ఎంత బిగువు?

చిన్న కార్లకు, ఆ తరహా బండ్లకు మామూలుగా 90 నుంచి 120 న్యూటన్ మీటర్ల బిగువు చెబుతారు. మీ బండికి ఎంతో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది; ఆ అంకెనే పాటించాలి. 100 న్యూటన్ మీటర్లంటే మీటరు పొడుగు పానా కొసన 10 కిలోల బరువు వేలాడదీసినంత. పానా 30 సెంటీమీటర్లే ఉంటే కొసన సుమారు 34 కిలోల ఒత్తిడి కావాలి. మామూలు మనిషి నిలబడి చేత్తో గట్టిగా నొక్కితే సరిపోతుంది.

ఇప్పుడు పైపు లెక్క చూడండి. మీటరు పైపు తగిలించి 60 కిలోల మనిషి దాని మీద నిలబడితే 100 కావలసిన చోట దాదాపు 600 పడుతుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్ దానిని ఎలా ఓర్చుకుంటుంది? అలాంటి బిగువు పెద్ద లారీలకు, పాల ట్యాంకర్లకు ఉండే లావు స్టడ్లకు సంబంధించినది. ట్యాంకరు డ్రైవరు చెయ్యి పికప్ మీద పడితే స్టడ్లు విరగడానికి ఇదే కారణం. గాలి గన్ను కూడా అంతే. పంచరు షాపులో గన్నుతో వేసిన నట్లను ఒకసారి వదులు చేసి చేతి పానాతో బిగించమని అడగండి. బిగువు చూపించే టార్క్ పానా ప్రతి సంఘమూ కొనుక్కోనక్కరలేదు. రూటుకు ఒకటి కొని అందరూ వాడుకోవచ్చు. సహకారం అంటే అదే కదా.

స్టడ్‌కు నూనె రాయాలా అని మీలో కొందరు అడగవచ్చు. పుస్తకం చెప్పిన అంకె చాలా చిన్న బండ్లకు పొడి మర లెక్కన ఇచ్చినది. నూనె రాస్తే నట్టు జారుడుగా తిరిగి, అదే బలానికి స్టడ్ ఎక్కువ సాగుతుంది. కొన్ని పెద్ద లారీలకు మాత్రం మరలో ఒక చుక్క నూనె వేయమని తయారీదారులే చెబుతారు. పుస్తకం చెప్పనిదే నూనె వద్దు. పొడిగా, శుభ్రంగా ఉంటే చాలు.

మర చెడితే ఏం చేయాలి?

కొసన ఒకటి రెండు చుట్లు మాత్రమే నలిగితే దాన్ని బాగుచేసుకోవచ్చు. మర ఆకురాయి పెట్టి ఆ చుట్లను సరిదిద్దవచ్చు. లేదా అదే కొలత, అదే చుట్టు దూరం గల డై వేసి చేత్తో మెల్లగా తిప్పవచ్చు. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పుతూ ఇనుప రజను రాల్చుకుంటూ పోవాలి. తర్వాత కొత్త నట్టు వేళ్ళతో చివరిదాకా పోతే స్టడ్ పనికివచ్చినట్లు. పాత నట్టును మళ్ళీ వాడకండి. దాని లోపలి మర కూడా కొరికి ఉంటుంది.

మధ్యలో చుట్లు ఊడినా, మెడ సన్నబడినా, స్టడ్ వంగినా, బీటవారినా, లోతుగా తుప్పు తిన్నా దానిని తీసి కొత్తది వేయవలసిందే. ఇక్కడ డై వేస్తే మిగిలిన ఇనుము కూడా కోసుకుపోతుంది. చూపుకు బాగుంటుంది గాని బిగువుకు ఆగదు.

కొత్త స్టడ్ వేసే పద్ధతి ఇది. మొదట చక్రం, డ్రమ్ము లేదా బ్రేకు డిస్కు తీస్తారు. పాత స్టడ్‌ను బయటి కొస నుంచి లోపలికి కొట్టిగాని, ప్రెస్సుతో నొక్కిగాని తీస్తారు. బేరింగుకు దెబ్బ తగులుతుందనుకుంటే ప్రెస్సే మంచిది. కొత్త స్టడ్ మెడ మీద ఉన్న గాళ్ళు హబ్బు రంధ్రంలోని పాత గాళ్ళకు సరిపోయేలా చూసుకుని వెనుక నుంచి దూర్చాలి. బయటి పక్క నాలుగైదు గట్టి వాషర్లు వేసి, వాటి మధ్య కాస్త గ్రీజు రాసి, ఒక విడి నట్టు చదును ముఖం వాషర్ల వైపు ఉండేలా పెట్టి చేతి పానాతో లాగాలి. స్టడ్ తల హబ్బు వెనుక ఖాళీ లేకుండా ఆనిందో లేదో కంటితో చూడాలి. లాగడానికి వాడిన నట్టును పారవేయండి.

కొందరు ఈ శ్రమ ఎందుకని స్టడ్‌ను సగం దూర్చి, చక్రం పెట్టి, గన్నుతో లాగేస్తారు. స్టడ్ పూర్తిగా కూర్చోకముందే నట్టు బిగిసినట్లు కనిపిస్తుంది. నాలుగు గతుకులు తగిలాక తల లోపలికి జరుగుతుంది, నట్టు వదులవుతుంది. ఇది చాలా ప్రమాదకరం.

విరిగిన స్టడ్‌కు వెల్డింగు చేయించడం, మర పోయిన స్టడ్‌కు నట్టునే వెల్డు పెట్టడం అసలు పనికిరావు. స్టడ్ ఉక్కును కాచి, చల్లార్చి పదును పెట్టి చేస్తారు. వెల్డింగు వేడికి ఆ పదును పోతుంది. మీ కాంట్రాక్టరు బండికి అటువంటి వెల్డింగు కనిపిస్తే ఆ బండిలో పాలు ఎక్కించకండి.

ఒక స్టడ్ దానంతటదే తెగితే మిగిలినవి క్షేమమని అనుకోకండి. దాని భారం మోసిన రెండు పక్కల స్టడ్లనూ మార్చాలి. రెండు తెగినా, చక్రం వదులుగా కొంతదూరం నడిచినా ఆ చక్రం స్టడ్లన్నీ మార్చాలి. నాలుగైదు స్టడ్లే ఉండే చిన్న బండికైతే ఒకటి తెగినా అన్నీ మార్చడమే మేలు. రెండు మూడు స్టడ్ల ఖర్చు దగ్గర వెనుకాడితే గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకున్నట్లవుతుంది.

"ఒక స్టడ్ లేకుండా పోవచ్చునా?" అన్నది డ్రైవర్లు ఎప్పుడూ అడిగే ప్రశ్న. పాల లోడుతో పోరాదు. క్యాన్లను వేరే బండిలోకి మార్చి, ఖాళీ బండిని మెల్లగా దగ్గరలోని మెకానిక్కు దాకా మాత్రమే తీసుకుపోవాలి. రెండు లేకపోతే అదీ కూడదు. మెకానిక్కునే బండి దగ్గరకు పిలిపించాలి.

సంఘాలు చేయవలసినవి

పూర్వం ఎడ్లబండి కట్టేముందు ఇరుసు చివర కడశీల ఉందో లేదో రైతు చేత్తో తడిమి చూసేవాడు. చూడమని అతనికి ఎవరూ చెప్పేవారు కాదు. ఆ అలవాటే పాలబండికి రావాలి.

పాలు ఎక్కించేటప్పుడు మన సభ్యులూ ఒకసారి చక్రాల వంక చూడవచ్చు. నట్టు నుంచి ఎర్రని తుప్పు చార కిందికి కారినట్లు ఉంటే, నట్టు చుట్టూ ఇనుము కొత్తగా మెరుస్తుంటే, ఒక నట్టు లోపిస్తే, మెల్లగా పోయేటప్పుడు చక్రం దగ్గర టకటక శబ్దం వస్తే డ్రైవరుకు వెంటనే చెప్పండి. ఇది తప్పు పట్టడం కాదు. డ్రైవరు ప్రాణం కూడా అందులోనే ఉంది.

బండి కిరాయికి తీసుకునేటప్పుడు ఒప్పందంలో ఈ మాటలు రాయించండి. బండిలో గాలి ఉన్న స్టెప్నీ, జాకీ, కొలతకు సరిపోయే పానా, తీగ బ్రష్షు, చెక్కపలక, టార్చిలైటు, ఆ బండికే చెందిన రెండు స్టడ్లు, నాలుగు నట్లు ఉండాలి. చక్రం మార్చిన తేదీ, మళ్ళీ బిగించి చూసిన తేదీ లాగ్ పుస్తకంలో రాయాలి. కార్యదర్శి నెలకొకసారి ఆ పుస్తకం చూసి సంతకం చేయాలి.

ఇంకొక మాట. ఆలస్యమైతే కోత వేస్తామని డ్రైవరును భయపెడితే అతడు వేళ్ళతో నట్టు ఎక్కించడు. గన్నుతో బిగించుకుని పరుగెత్తుతాడు. చక్రం మార్చినందుకు అయిన అరగంట ఆలస్యానికి కోత ఉండరాదని పాలకవర్గాలు తీర్మానించుకోవాలి. ఆ అరగంట మన పాలకూ, మన మనుషులకూ కాపలా కాసే అరగంట.

నేను చెప్పిన వాటిలో ఎన్ని మరచిపోయినా ఒక్కటి గుర్తుంచుకోండి. నట్టు మొదట వేళ్ళతో ఎక్కాలి, తర్వాతే పానా. ఈ మాట ఈరోజు ఇక్కడికి రాని డ్రైవరు మిత్రులకు కూడా చెప్పవలసిందిగా కోరుతున్నాను.